అమెరికాకు మన రొయ్య ఎంత వెళ్తోందో లెక్క తేల్చండి

ఎగుమతుల లెక్కలు కట్టే కేంద్ర వాణిజ్య శాఖ అధికారులకు, రాష్ట్ర మత్స్యశాఖ అధికారులకు, రొయ్యల ఎగుమతిదారులకు, ఈ అంకెల్ని అచ్చువేసే పత్రికల వారికి,

నమస్కారం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి దగ్గర ఒక పల్లె. ఆరెకరాల్లో వనామి రకం రొయ్య వేస్తాను. రెండెకరాలు సొంతం, నాలుగు లీజు. మా నాన్న ఇదే నేలలో వరి వేశాడు, తరవాత చేప వేశాడు. నేను రొయ్యకు దిగి పదకొండేళ్లయింది.

మా ఊరి రైతులం కొంతమందిమి కలిసి ఒక కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నాం. అడిగింది చిన్న సంగతే. ఆంధ్రప్రదేశ్‌లో పెరిగిన రొయ్య ఏడాదికి అమెరికాకు ఎన్ని టన్నులు వెళ్తోంది, ఎన్ని కోట్లకు వెళ్తోంది, అందులో మా జిల్లాది ఎంత? ఆ అర్జీకి జవాబు రాలేదు. మూడు నెలలు చూసి సమాచార హక్కు కింద మళ్లీ అడిగాం. మేం కోరిన పద్ధతిలో సమాచారం లేదని ఒక్క వాక్యం రాసి పంపారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఎవరి మీదా కోపంతో కాదు.

2025 ఆగస్టు చివర్లో మా చెరువు పట్టాం. అమెరికా మన సరుకు మీద ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మొత్తం 50 శాతం సుంకం వేసిన రోజులవి. రొయ్యకు దానిమీద పాత సుంకాలు రెండు ఎలాగూ ఉన్నాయి. ఒకటి 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకు సరుకు దింపుతున్నారని వేసేది. రెండోది 2024 చివర్లో వచ్చిన కౌంటర్‌వైలింగ్ సుంకం, అంటే ఇక్కడి ప్రభుత్వ సబ్సిడీలకు విరుగుడుగా వేసేది. అన్నీ కలిపితే 58 శాతం దాటింది.

తెల్లవారుజామున నాలుగింటికి వల దించారు. రొయ్యను శుభ్రం చేసి ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంటు తాలూకు కుర్రాడు ట్రేలోంచి ఒక కిలో తూచి, గట్టు మీద పరిచిన పట్టా మీద పోసి, సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. యాభై మూడు వచ్చాయి. నేను ఒప్పుకోక ఇంకో ట్రేలోంచి తీయించాను. యాభై వచ్చాయి. కిలోకి ఎన్ని తక్కువ ఎక్కితే రొయ్య అంత పెద్దది, రేటు అంత ఎక్కువ. కాసేపు వాదించుకుని యాభై రెండు కౌంటుకు రాజీ పడ్డాం. రేటు దగ్గర మాత్రం వాదనే లేదు. "అమెరికా ఆగిపోయిందండీ, మా చేతుల్లో ఏం లేదు" అని కిలోకి నలభై రూపాయలు కోసి చెప్పాడు. చెరువులో రొయ్యను ఇంకో వారం ఉంచితే మేత ఖర్చు, కరెంటు ఖర్చు, పైగా వైట్ స్పాట్ తెగులు వస్తుందన్న టెన్షన్. సరేనన్నాను.

ఆ కాటా చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో నా పేరుంది, కౌంటుంది, కిలోలున్నాయి, నీటికి తీసిన తరుగు కూడా ఉంది. సరుకు ఏ దేశానికి పోతుందో మాత్రం లేదు. అమెరికా ఆగిపోయిందన్న మాట నిజమో కాదో చూసుకోవడానికి నాకు ఇవాళ్టికీ ఒక్క కాగితం దొరకలేదు. కిలోకి రెండు మూడు రొయ్యలు అటూ ఇటూ అయితేనే గట్టు మీద అంతసేపు వాదించుకుంటాం. వేల కోట్లు అటూ ఇటూ అయితే అడిగేవాడు లేడు. ఆ వేల కోట్ల సంగతి ఇప్పుడు చెబుతాను.

2025 సెప్టెంబరులో మన ముఖ్యమంత్రి గారు కేంద్ర మంత్రులకు లేఖ రాశారు. పత్రికల్లో వచ్చిన ప్రకారం అందులో మూడు అంకెలున్నాయి. దేశపు రొయ్యల ఎగుమతిలో ఆంధ్రా వాటా 80 శాతం. దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో ఆంధ్రా వాటా 34 శాతం, అంటే ఏడాదికి రూ.21,246 కోట్లు. సుంకం వల్ల అంచనా నష్టం రూ.25,000 కోట్లు. లేఖ రాసినందుకు తప్పు పట్టడం లేదు. మా కోసం రాశారు, అదను దాటకుండా రాశారు. కానీ ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

2024-25లో దేశం మొత్తం ఎగుమతి చేసిన శీతల రొయ్య విలువ రూ.43,334 కోట్లు. ఇది సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, మేం ఎంపెడా అంటాం, ఆ సంస్థ చెప్పిన అంకె. అందులో 80 శాతం మనదైతే రూ.34,600 కోట్లు పైన ఉండాలి. రెండో అంకె ప్రకారం మనం పంపే చేప, పీత, రొయ్య అన్నీ కలిపినా రూ.21,246 కోట్లే. పోనీ అదంతా రొయ్యే అనుకుందాం. అప్పుడూ దేశపు రొయ్యలో సగం కాదు. మధ్యలో రూ.13,400 కోట్లు ఎటుపోయాయి? ఇక మూడో అంకె. ఏడాదికి మొత్తం అమ్మేదే రూ.21,246 కోట్లయితే ఒక్క దేశపు సుంకానికి రూ.25,000 కోట్లు ఎలా పోతాయి? పది ఎకరాల్లో పదిహేను ఎకరాలు మునిగాయని రాస్తే పంట నష్టం ఇచ్చే తహసీల్దారు ఊరుకుంటాడా? ఢిల్లీలో కూర్చున్నవాళ్లు కూడా కూడికలు తీసివేతలు వచ్చినవాళ్లే కదా.

నాకు అర్థమైనంతలో మూడింటిలో ఏదీ కల్పించింది కాదు. 80 అనేది బహుశా రొయ్య ఎక్కడ పెరిగిందన్న లెక్క. 34 అనేది కాగితం మీద ఎక్కడి నుంచి వెళ్లిందన్న లెక్క. 25,000లో మేత, సీడు, ఐసు, లారీలు, ప్లాంట్లు అన్నిటి నష్టమూ కలిసి ఉండొచ్చు. మూడూ మూడు రకాల కొలతలు. ఏది దేని కొలతో ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. ఎక్కడెక్కడ తేడా వస్తోందో నాకు తెలిసినంత చెబుతాను.

1. రొయ్య ఏ రాష్ట్రానిది?

ఎగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లులో సరుకు ఏ రాష్ట్రానిదో రాయాలి. 2021 నుంచి జిల్లా కూడా రాయాలి. ఆ బిల్లులన్నీ కోల్‌కతాలో ఉన్న వాణిజ్య గణాంకాల డైరెక్టరేట్‌కు చేరి, అక్కడ లెక్కగా మారతాయి. కేంద్ర వాణిజ్య శాఖ 2022లో పెట్టిన నిర్యాత్ పోర్టల్‌లో రాష్ట్రాలవారీ అంకెలు కనిపించేది అందువల్లే. మంచి పనే. కానీ ఆ గడిలో ఏం రాయాలన్నది ఎగుమతిదారు ఇష్టం మీద నడుస్తోంది. చెరువున్న జిల్లా రాయాలా, ప్లాంటున్న జిల్లా రాయాలా?

కైకలూరు రొయ్య ఐసు పెట్టెల్లో కేరళ ప్లాంటుకు వెళ్లి, అక్కడ తల తీయించుకుని, కొచ్చిలో ఓడెక్కుతుంది. అది కేరళ లెక్కలోకి పోతుంది. నెల్లూరు సరుకు చెన్నై, కట్టుపల్లి మీదుగా పోతుంది. ఎంపెడా పోర్టులవారీ పట్టిక తీసి చూస్తే అది తమిళనాడు పోర్టుల కింద ఉంటుంది. ఒడిశా సరుకు విశాఖ పోర్టుకు వస్తుంది. అదే పట్టిక చూసి "విశాఖే నంబర్ వన్, అంతా ఆంధ్రా రొయ్యే" అని మనవాళ్లు సంబరపడతారు. పోర్టు అంటే బస్టాండు లాంటిది. అక్కడ బస్సెక్కినవాళ్లంతా ఆ ఊరివాళ్లు కాదు. (ఖమ్మం మిర్చి రైతులకూ ఇదే బాధ. తేజ రకం చైనా వెళ్తుంది, తెలంగాణకు సముద్రం లేదు. ఆ మిర్చి ఏ రాష్ట్రం పద్దులో పడుతోందో వాళ్లనీ అడగమనండి.)

2. బరువు ఎక్కడ తూచినది?

చెరువు గట్టున నేను తూచేది తలతో ఉన్న రొయ్య. తల తీస్తే మూడో వంతు పోతుంది. పొట్టు, నరం కూడా తీస్తే దాదాపు సగమే మిగులుతుంది. మా దగ్గర కౌంటు అంటే కిలోకి ఇన్ని. అమెరికా వ్యాపారి దగ్గర కౌంటు అంటే తల తీశాక పౌండుకు ఇన్ని. మత్స్యశాఖ చెప్పే ఉత్పత్తి చెరువు టన్నుల్లో ఉంటుంది, ఎగుమతి డబ్బా టన్నుల్లో ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి "ఇంత శాతం ఎగుమతి అవుతోంది" అని మీటింగుల్లో చెప్పేస్తుంటారు. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

కస్టమ్స్ లెక్కల్లో ఒక్కో సరుకుకు ఇచ్చే కోడ్ల గొడవ ఇంకొకటి. ఉత్త శీతల రొయ్య 0306 కింద ఉంటుంది. పొట్టు తీసి ఉడికించినది, మసాలా పట్టించినది, బ్రెడ్ పొడి అద్దినది 1605 కింద ఉంటుంది. ఒక్క 0306 చూసి "అమెరికాకు తగ్గింది" అంటే, 1605లోకి మారిన సరుకు లెక్కలోంచి జారిపోయినట్టే. రెండూ కలిపితే బ్రెడ్ పొడి బరువు కూడా రొయ్య బరువైపోతుంది. ఈ తేడా ఊరికే లెక్క కోసం కాదు. బ్రెడ్ పొడి అద్దిన రకాలు ఆ యాంటీ డంపింగ్ సుంకం పరిధిలోకి రావు. ఏ కోడ్ కింద ఎంత వెళ్లిందో తెలియకుండా సుంకం భారం ఎంతో ఎవరు చెప్పగలరు?

3. రూపాయా, డాలరా, టన్నా?

ఎంపెడా ప్రకటించిన అంకెలే చూడండి. 2023-24లో దేశం 17,81,602 టన్నుల సముద్ర ఉత్పత్తులు పంపింది. 2024-25లో 16,98,170 టన్నులు. అంటే దాదాపు 5 శాతం తగ్గింది. అదే డాలర్లలో 738 కోట్ల నుంచి 745 కోట్లకు, ఒక్క శాతం పెరిగింది. రూపాయల్లో 60,523 కోట్ల నుంచి 62,408 కోట్లకు, 3 శాతం పెరిగింది. ఒకే ఏడాది, ఒకే సరుకు. పెరిగిందని చెప్పాలనుకున్నవాడు రూపాయలు చూపిస్తాడు, తగ్గిందని చెప్పాలనుకున్నవాడు టన్నులు చూపిస్తాడు. రూపాయి విలువ పడిపోవడం వల్ల పెరిగిన భాగాన్ని విడదీసి చెప్పిన పత్రిక నా కంటికి కనబడలేదు.

4. ఏ నెలది?

మన ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికా దిగుమతి లెక్కలు ఎక్కువగా జనవరి నుంచి చూస్తారు. కంటెయినర్ అక్కడికి చేరడానికి నెల పైనే పడుతుంది. మార్చిలో మనం పంపామని రాసుకున్నది వాళ్ల పుస్తకంలో మే నెలలో దిగినట్టు ఉంటుంది. రెండు దేశాల అంకెలు కలవకపోతే మోసమని అనుకోనక్కర్లేదు, కానీ ఎంత తేడా ఎందుకు వచ్చిందో ఏటా సరిచూసి చెప్పాలి కదా.

నెలల లెక్క లేకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. ఏప్రిల్ 2న సుంకం ప్రకటన వచ్చింది. రెండు మూడు రోజుల్లోనే చెరువు గట్టున రేటు పడింది. నిజంగా అమల్లోకి వచ్చింది 5వ తేదీ నుంచి, అదీ 10 శాతమే. మిగతాది 90 రోజులు వాయిదా వేశారు. ఆ గడువులో సరుకు పంపేయాలని కంటెయినర్లు పరుగులు పెట్టాయి. ఆ త్రైమాసికంలో దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అంతకు ముందు ఏడాది కంటే పెరిగిందే తప్ప తగ్గలేదు. మాకు ఆ సంగతి తెలిసేసరికి మే నెల పట్టుబడులు అయిపోయాయి, పడిన రేటుకు అమ్ముకోవడమూ అయిపోయింది.

5. మా చెరువు పేరు అమెరికాకు తెలుసు

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 2018 డిసెంబరు 31 నుంచి అమెరికా తన సముద్ర ఆహార దిగుమతుల పర్యవేక్షణ నియమాలను రొయ్యకూ వర్తింపజేసింది. అక్కడ దిగుమతి చేసుకునేవాడు రొయ్య ఎక్కడ పెరిగింది, ఎప్పుడు పట్టారు, ఎవరికి అప్పగించారు అన్న వివరాలు ఇవ్వాలి, కాగితాలు దాచాలి. చిన్న రైతుల సరుకు కలిపి చూపించుకునే వెసులుబాటు ఉంది, అయినా మూలం తెలియాలి. ఇక్కడ ఎంపెడా చెరువుల్ని నమోదు చేస్తోంది. రాష్ట్రం ఆక్వా సాగుకు లైసెన్సులు ఇస్తోంది, చెరువుల సర్వే చేస్తోంది. అంటే ఫలానా డబ్బాలో రొయ్య ఏ ప్రాంతపు చెరువుదో చెప్పే కాగితం ప్లాంటులో ఉంది, దాని నకలు సముద్రం దాటి వెళ్లింది. ఇక్కడ మాత్రం అది లెక్కకు ఎక్కలేదు. సమాచారం లేదని మాకు రాసిన ఆ ఒక్క వాక్యం మళ్లీ చదువుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతకీ ఈ అంకె తేలకపోతే నీకేం పోయిందని అడగొచ్చు. 2024-25లో అమెరికా మన దేశం నుంచి 3,46,868 టన్నుల సముద్ర ఉత్పత్తులు కొంది, విలువ 271 కోట్ల డాలర్లు. అందులో నూటికి తొంభై పైన రొయ్యే. ఆ రొయ్యలో ఆంధ్రా వాటా ఒక్క శాతం అటో ఇటో జరిగితే రెండొందల కోట్ల రూపాయలు జరుగుతాయి. మనం మాట్లాడుకుంటున్నది ఒక శాతం తేడా కాదు, పదుల శాతాల తేడా. రేపు కేంద్రం సాయం ప్రకటిస్తే ఏ రాష్ట్రానికి ఎంతన్నది ఏ అంకె చూసి పంచుతారు? ఓడెక్కిన చోటు చూసి పంచితే చెరువున్న చోటికి ఏం మిగులుతుంది?

నా సంగతే చెబుతాను. ఆగస్టు పట్టుబడి తరవాత బ్యాంకుకు వెళ్లి అప్పు గడువు పెంచమని అడిగాను. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. "మీ జిల్లా నుంచి అమెరికాకు ఎగుమతి ఇంత పడిపోయిందని ఏదైనా ప్రభుత్వ కాగితం తెండి, పైకి రాస్తాను" అన్నాడు. తుఫాను వస్తే ఎవరికెంత నష్టమో రాసే ఎన్యుమరేషన్ జాబితా ఉంటుంది. దీనికి ఏ జాబితా ఉంది? ఉత్త చేతులతో తిరిగొచ్చాను. లీజు బాకీ కట్టడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం.

మా వీధిలో ఒకావిడ పీలింగ్ షెడ్డుకు వెళ్తుంది. ఒలిచిన కిలోలను బట్టి కూలి. వ్యాను వారానికి ఆరు రోజులు వచ్చేది, సెప్టెంబరులో రెండు మూడు రోజులకు తగ్గింది. రానిరోజు ఎందుకు రాలేదో చెప్పేవాడు కూడా ఉండడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీద ఎనిమిదింటి దాకా నిలబడి ఇంటికొచ్చేది. ఆమె పోగొట్టుకున్న పనిదినాలు ఏ నష్టం అంచనాలో ఉన్నాయో నాకు తెలియదు.

రేటు దిగేటప్పుడు ఆ పూటే దిగుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం "ఇంకా పైనుంచి కబురు రాలేదండీ" అని వారాలు గడుస్తాయి. సుంకం ఇవాళ ఒకటి, రేపు ఒకటి. మళ్లీ మారుతుంది, ఆ తరవాతా మారుతుంది. మారినప్పుడల్లా కొన్నవాడి చేతిలో మార్కెట్ సమాచారం, అమ్మినవాడి చేతిలో కాటా చీటీ.

మేం అడుగుతున్నవి ఇవి.

1. షిప్పింగ్ బిల్లులో రాష్ట్రం, జిల్లా అనే గడులకు రొయ్య, చేప విషయంలో ఒకటే అర్థం పెట్టండి. చెరువు జిల్లా ఒక గడిలో, ప్లాంటు జిల్లా వేరే గడిలో. పలు జిల్లాల సరుకు కలిస్తే టన్నుల ప్రకారం విడదీసి రాయించండి. ప్లాంటులో ఆ రికార్డు ఉంటుంది కాబట్టి కొత్త భారం పెద్దగా పడదు.

2. రాష్ట్రం, జిల్లా, దేశం, కోడ్, నెల ప్రకారం టన్నులు, డాలర్లు, రూపాయలు మూడూ పక్కపక్కన ఉన్న ఒక పట్టిక ప్రతి నెలా పెట్టండి. తెలుగులో కూడా పెట్టండి. కంపెనీల పేర్లు మాకు అక్కర్లేదు, వాళ్ల వ్యాపార రహస్యాలు వాళ్లవే.

3. చెరువు బరువును ఎగుమతి బరువుగా మార్చడానికి తల తీసినదానికి (హెడ్‌లెస్) ఇంత, పొట్టు తీసినదానికి (పీల్డ్) ఇంత అని ఒక సూత్రం ప్రకటించండి. ఆ తరవాత ఎవరు శాతాలు చెప్పినా దాని ప్రకారమే చెప్పాలి.

4. ఏటా ఒకసారి మన ఎగుమతి లెక్కను అమెరికా దిగుమతి లెక్కతో సరిచూసి, తేడా ఎంతో, ఎందుకో రాసి బయటపెట్టండి.

5. రాష్ట్ర ప్రభుత్వం 80, 34, 25,000 అనే ఆ మూడు అంకెలు ఎలా వచ్చాయో చెబుతూ ఒక వివరణ ఇవ్వాలి. రెండు పేజీలు చాలు. వాటిలో ఏదైనా తప్పని తేలితే దిద్దుకోవడంలో నామోషీ లేదు. తేలని అంకెతో వెళ్లి మళ్లీ ఢిల్లీలో అడిగితే నష్టపోయేది మేమే.

6. ఎగుమతిదారులకు విడిగా ఒక మాట. మీరూ నష్టపోయారు, దారిలో ఉన్న సరుకు మీద సుంకం మీరే మోశారు, కాదనను. కానీ కాటా చీటీ మీద ఇంకో గీత గీసి, ఆ లాటు ఏ మార్కెట్ కోసం కొంటున్నారో రాయండి. అమెరికా పేరు చెప్పి కోసిన రేటు అమెరికా వెళ్లే సరుకుకే వర్తించాలి. చైనాకో యూరప్‌కో పోయే రొయ్యకు ఆ కోత ఎందుకు?

మా తరవాతి పంట సంక్రాంతి దాటాక పడతాం. అప్పటిలోగా కనీసం మొదటి రెండింటి మీద మీ నుంచి ఒక జవాబు రావాలని కోరుతున్నాం. ఈసారి అర్జీ మీద మా ఊరి రైతులతో పాటు పీలింగ్‌కు వెళ్లే ఆడవాళ్లు కూడా సంతకాలు పెడుతున్నారు. ఆగస్టు నాటి నా కాటా చీటీ నకలు దానికి జత చేస్తున్నాను. అందులో దేశం పేరు ఉండాల్సిన చోట ఎర్ర పెన్నుతో సున్న చుట్టాను.

ఇట్లు,
ఒక వనామి రైతు,
ఉండి ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా